చెవులు కుట్టించుకున్న ఏనుగు

పిల్లలూ, ఇది చిన్న కథ. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోతుంది. మంచినీళ్లకని మధ్యలో లేవకండి, అంత చిన్నది.

అనగనగా ఒక అడవి. ఆ అడవి చుట్టూ గోడ ఉంది. గోడకి గేటు ఉంది. గేటు దగ్గర టికెట్టు ఇస్తారు. అలాంటి అడవిని జూ అంటారు. లోపల చెట్లున్నాయి, వాటికి పేర్లు రాసిన బోర్డులున్నాయి. జంతువులున్నాయి, వాటికీ పేర్లు రాసిన బోర్డులున్నాయి. మామూలు అడవిలో పులి తాను పులినన్న సంగతి మరిచిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. ఇక్కడ ఆ ఇబ్బంది లేదు. బోర్డు చూసుకుంటే సరిపోతుంది.

ఆ జూలో ఒక ఏనుగు ఉండేది. కథ దానిదే. కానీ ఏనుగు దాకా వెళ్లాలంటే గేటు నుంచి నడవాలి. దారిలో అందరూ తగులుతారు. పలకరించకుండా పోతే బాగుండదు.

మొదట నెమలి. ఈకలు రాలే నెలల్లో ఒంట్లో బాగాలేదని చెప్పి అది గూట్లోంచి బయటికి రాదు. ఈకలు మొలిచాక దాని ఆరోగ్యం చూసి మనం తట్టుకోలేం.

తరవాత ఎలుగుబంటి. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. పదకొండేళ్లుగా నడుస్తోంది. ఎక్కడికి ప్రయాణమని ఎవరైనా అడిగితే, ఇదిగో ఇప్పుడే బయలుదేరానంటుంది.

ఆ పక్కన దుమ్ములగొండి. దాని ముఖం గురించి నేనేమీ అనను. అనాల్సినవన్నీ జనం ముందే అనేశారు.

ఇక గూడబాతు. దాని ముక్కు కింద సంచి ఉంటుంది. చేపల కోసమని పుస్తకాల్లో రాస్తారు. చేపలు తక్కువ, కబుర్లు ఎక్కువ. ఎగరకుండా రెక్క కత్తిరించారు కాబట్టి అది జూ అంతా కాలినడకనే తిరుగుతుంది. పొద్దున ఒక గూట్లో తుమ్మితే సాయంత్రానికి అన్ని గూళ్లలోనూ చిరంజీవ అంటారు. అలాంటివాళ్లంటే నాకు గిట్టదు. ఈ కథలో సగం నాకు చెప్పింది అదే.

ఏనుగు దగ్గరికి వచ్చేశాం.

దాని పేరు కళావతి. అది బోర్డు మీద పేరు. అంతకుముందు అది కలప డిపోలో దుంగలు లాగేది. అక్కడ దాన్ని నాలుగో నంబరు అనేవారు. దుంగలు లాగే నాలుగో నంబరు బొమ్మలు వేసే కళావతి ఎలా అయిందంటే, గవరయ్య చేతిలో పడడం వల్ల.

గవరయ్య మావటి. మెత్తని మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఏనుగుని తల్లీ అనే పిలుస్తాడు. ఆ పిలుపులో పదోవంతు తనకి దక్కలేదని వాళ్లావిడ పాతికేళ్లుగా సాధిస్తోంది. ఆవిడకి దక్కకపోవడమే మంచిదైంది. ఎందుకో వినండి.

సోమవారం జూకి సెలవు. మిగతా ఆరు రోజులూ పదకొండు గంటలకి కళావతి ముందు ఒక అట్ట నిలబెట్టేవారు. తొండంలో కుంచె పెట్టేవారు. కళావతి బొమ్మ వేసేది. ఎప్పుడూ ఒకటే బొమ్మ. ఎర్ర మందారం, అయిదు రేకులు, పచ్చటి కాడ. జనం చప్పట్లు కొట్టేవారు. బళ్లోంచి వచ్చిన పిల్లల్ని, ఏనుగుకి ఉన్న శ్రద్ధ మీకు లేదని మాస్టార్లు అక్కడికక్కడే తిట్టేవారు. బొమ్మ అయ్యాక కళావతికి గెల అరటిపళ్లు.

బొమ్మ వేసినంతసేపూ గవరయ్య ఎడం చెవి పక్కన నిలబడేవాడు. అతని చెయ్యి చెవి వెనకే ఉండేది. ఎంత ప్రేమో చూడండి, చెవి వదలడు అనుకునేవారు జనం.

వదలడానికి లేదు. అతని పిడికిట్లో మేకు ఉండేది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే పొట్టి మేకు. అది పైకి గుచ్చితే గీత పైకి పోవాలి. కిందికి గుచ్చితే కిందికి రావాలి. మెలిపెడితే రేకు గుండ్రంగా తిరగాలి. అయిదుసార్లు మెలిపెడితే మందారం పూర్తవుతుంది. గవరయ్యకి వచ్చింది ఆ ఒక్క పువ్వే. అదీ పాత క్యాలెండరు చూసి నేర్చుకున్నాడు. జనం ఏనుగు వేసిందని ఇంటికి తీసుకెళ్లి గోడకి తగిలించుకున్న పువ్వులన్నీ గవరయ్య వేసినవి. అట్ట మరీ దగ్గరగా పెట్టేవారు, ఏనుగుకేమో కళ్లు పక్కన ఉంటాయి, బొమ్మ పూర్తవగానే అట్ట తీసుకుపోయేవారు. కాబట్టి కళావతి తన పువ్వుని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

చెవి వెనక నెత్తురు వస్తే గవరయ్య పసుపు అద్దేవాడు. అది చూసి జనం ఇంకా మెచ్చుకున్నారు.

మొదట్లో కళావతి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, సిగ్గేసి. తరవాత కూడా చెప్పలేదు, గొప్పగా ఉండి.

ఎందుకుండదు? ఒకరోజు నెమలి వచ్చింది. ఈకలు రాలిపోయే కాలం వస్తోంది, రాలకముందే తన తోక బొమ్మ వేసిపెట్టమంది, ఆ నాలుగు నెలలూ దాన్నే చూసుకుని బతుకుతానంది. తనకి మందారం తప్ప ఏదీ రాదని, అది కూడా తనది కాదని కళావతి చెప్పొచ్చు. చెప్పలేదు. నీలం రంగు అయిపోయిందంది.

ఇంకోరోజు ఎలుగుబంటి ఊచల్లోంచి బతిమాలింది. చిన్నప్పుడు తాను పుట్టిన కొండ మీద తేనెపట్టు పట్టిన చెట్టు ఒకటుండేదట. అది ఎలా ఉండేదో మరిచిపోతున్నానని, మరిచిపోయేలోపు వేసిపెట్టమని అడిగింది. కళావతి ఇవాళ వర్జ్యం అంది. ఎలుగుబంటి సరేనని మళ్లీ నడవడం మొదలుపెట్టింది.

మూడోది దుమ్ములగొండి. అది బొమ్మ అడగలేదు. ఒకసారి కళావతి ఎడం చెవి వైపు ముఖం పెట్టి చాలాసేపు వాసన చూసింది. ఏదో అనబోయి మానేసింది. దాని మాట ఎవరు వింటారు? జనం దాని ముఖం చూసి రెండు నిమిషాలు కూడా ఆగరు.

అందరి సంగతులూ దానికి కావాలి కాబట్టి ఒకనాడు గూడబాతు అడగనే అడిగింది, చెవికి ఆ మూడు చిల్లులేమిటని. కళావతి కాసేపు అరటితొక్క నమిలింది.

"చెవులు కుట్టించారు," అంది. "బొమ్మలు వేసేవాళ్లకి కుట్టిస్తారు."

"ఒక్క చెవికేనా అమ్మా?"

"రెండోదానికి ఇంకా ముహూర్తం కుదరలేదు."

సాయంత్రానికి జూ అంతా తెలిసిపోయింది. కోతులు తమ చెవులు తడుముకున్నాయి. నెమలికి బయటికి కనిపించే చెవులు లేవు, ఆ బాధతో అది రెండురోజులు తిండి మానేసింది.

అంతా గొప్పగానే ఉంది గానీ, కళావతికి ఒక్కటే లోటు. పాతికేళ్లుగా ఇంకో ఏనుగు గొంతు వినలేదు. జూలో దాని భాష వచ్చినవాళ్లు లేరు. అందరితోనూ జూ భాషలోనే మాట్లాడాలి. ఏనుగులు కడుపులోంచి చిన్నగా గురగురమని పలకరించుకుంటాయి, ఆ చప్పుడు నేల మీదుగా వెళుతుంది. కళావతి అప్పుడప్పుడు అలా పలకరించేది. అవతలినుంచి ఏమీ వచ్చేది కాదు.

ఒక వేసవిలో జవాబు వచ్చింది.

కొండల దగ్గర ఒక ఏనుగుల గుంపు కాలువ దాటుతుంటే గున్న ఒకడు జారి పడ్డాడు. రెండేళ్లు నిండి కొద్ది నెలలవుతోంది వాడికి. అటవీశాఖ వాళ్లు బయటికి తీసేసరికి గుంపు జనాన్ని చూసి బెదిరి వెళ్లిపోయింది. వాడి కాలు గీరుకుపోయి పుండు పడింది. మందు వెయ్యాలని జూకి తెచ్చారు. కళావతి కొట్టంలోనే పక్కన కట్టారు. వాడికి పేరు లేదు. అడవిలో తల్లి పిలిస్తే వచ్చేవాడు, ఆ పిలుపే వాడి పేరు. మనం గున్న అందాం.

వాడు మొదటిరోజే కళావతి పొట్ట కిందికి దూరి, పెద్దమ్మా అన్నాడు. కళావతి రెండురోజులు అరటిపళ్లు వాడికే వదిలేసింది. ఎన్నడూ లేనిది.

మూడు వారాలకి కాలు మానింది. కాలువగట్టుకి తల్లి రోజూ వచ్చి నిలబడుతోందని కబురు వచ్చింది. తీసుకెళ్లి వదిలేస్తే కలుపుకుంటుంది. ఇప్పుడు బండి ఎక్కించడమొక్కటే పని. జూ డాక్టరుది మాత్రం ఒక పద్ధతి. ఏనుగు పిల్లని కట్టి, లాగి ఎక్కిస్తే బెదిరిపోతుంది, బెదిరిన పిల్ల దారిలో చచ్చిపోయినా చచ్చిపోతుంది. కాబట్టి బండి తలుపు తీసి, వాలుగా చెక్క వేసి వదిలెయ్యాలి. పిల్ల తనంతట తాను ఎక్కాలి. గేటు తియ్యకముందు, మూడు పొద్దులు. మూడోనాడు కూడా ఎక్కకపోతే మనుషులకి అలవాటుపడిందని రాసేసి ఇక్కడే ఉంచేస్తారు.

డాక్టరు తెలివైనవాడే. తన తెలివి గురించి తనకి బాగా తెలుసు కూడా. కాలువగట్టు నుంచి తల్లి వేసిన లద్దె తెప్పించి బండిలో వేయించాడు.

మొదటి పొద్దున గున్న ఆ వాసనకి పరుగెత్తాడు. చెక్క మీద కాలు పడగానే పెద్ద చప్పుడైంది. బెదిరి వచ్చి కళావతి పొట్ట కింద దాక్కున్నాడు. కళావతి తొండంతో వాడి వీపు నిమిరింది. ఏమీ కాదు, వెళ్లు అనలేదు. నిమిరింది అంతే.

ఆ రోజు పదకొండు గంటలకి గున్న మొదటిసారి జనాన్ని దగ్గర నుంచి చూశాడు. కళావతి పువ్వు వేసింది. చప్పట్లు, అరటిపళ్లు, ఫోటోలు. గూడబాతు వాడి పక్కన చేరి, మీ పెద్దమ్మ ఎంత గొప్పదో తెలుసా అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. దేశదేశాలవాళ్లు వస్తారంది. చెవులు కుట్టించారంది. వాళ్లమ్మ చెవికి చిల్లులున్నాయా అని అడిగింది. లేవన్నాడు వాడు. గూడబాతు జాలిగా తల ఊపింది.

రెండో పొద్దున వాడు ముందరికాళ్లు రెండూ చెక్క మీద పెట్టాడు. అక్కడే నిలబడిపోయాడు. అటు లద్దె వాసన, ఇటు పెద్దమ్మ. కాసేపటికి దిగి వచ్చాడు. సాయంత్రమంతా కుంచె పుల్ల ఒకటి తొండంతో పట్టుకుని నేల మీద గీతలు గీశాడు. ఊరికే గీతలు, అటూ ఇటూ, ఇష్టం వచ్చినట్టు. ఆ జూలో మేకు లేకుండా గీసిన గీతలు అవే. ఎవరూ చూడలేదు.

మూడో పొద్దున చెక్క వేశారు. డాక్టరు దూరంగా నిలబడ్డాడు. గవరయ్య వేపపుల్ల నములుతున్నాడు. గున్న నాలుగుకాళ్లూ చెక్క మీద పెట్టాడు. సగం దూరం ఎక్కాడు. తల బండి లోపలికి పోయింది. తల్లి వాసన గట్టిగా తగిలినట్టుంది, గురగురమన్నాడు. ఇంకో రెండడుగులు వేస్తే కథ ఇక్కడితో అయిపోయేది, అన్నం కూడా ఉడికే ఉండేది.

వాడు తల వెనక్కి తీసి తిరిగి చూశాడు.

"పెద్దమ్మా, చెవి కుడితే నొప్పి పుడుతుందా?"

ఆ ఒక్కటే అడిగాడు. చాలా తేలిక ప్రశ్న. నొప్పి పుడుతుందని చెబితే చాలు. మీ అమ్మ కాలువగట్టు మీద ఉంది, వెళ్లు నాయనా అంటే ఇంకా మంచిది. కళావతికి ఆ మాట తెలుసు. ఆ పొద్దుటికి ఎడం చెవి వెనక పుండు ఇంకా పచ్చిగానే ఉంది, ఈగలు వాలుతున్నాయి. కానీ పాతికేళ్లు నేల మీదుగా పలకరించి జవాబు రాని గొంతు దానిది. నొప్పి పుడుతుందంటే గున్న వెళ్లిపోతాడు. దాంతోపాటు జూ అంతా నమ్మిన ఆ చెవులు కుట్టించుకున్న కళావతి కూడా పోతుంది. నాలుగో నంబరు ఒక్కటే మిగులుతుంది.

"చీమ కుట్టినట్టు ఉంటుంది," అంది కళావతి.

గున్న చెక్క దిగి వచ్చేశాడు.

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. తన పద్ధతి సరిగ్గా పనిచేసిందని అందరికీ చెప్పాడు. ఖాళీ బండి వెళ్లిపోయింది. బండిలో లద్దె మాత్రం వెళ్లింది.

వచ్చిన సోమవారం గవరయ్య గున్నని వెనక కొట్టంలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు. రా తండ్రీ, రా అంటూ మెత్తగానే పిలిచాడు. కాసేపటికి లోపలినుంచి ఒక అరుపు వచ్చింది. ఏనుగు పిల్ల అరుపు ఎలా ఉంటుందో మీకు చెప్పను. అన్నం తినాలి మీరు.

వాడు పెద్దమ్మా అని అరిచాడు. మూడుసార్లు అరిచాడు. తరవాత అరవలేదు.

అప్పుడు కళావతి నిజం చెప్పింది. గొలుసు సాగినంత దూరం సాగి, ఎదురుగా ఉన్న గూళ్లన్నిటికీ వినబడేలా చెప్పింది. ఆ పువ్వు తనది కాదని, గవరయ్య పిడికిట్లో మేకు ఉంటుందని, చెవులు ఎవరూ కుట్టించలేదని, అవి పుళ్లు పడి మిగిలిన చిల్లులని. ఎవరైనా అరవండి, గోల చెయ్యండి, సెలవైనా గోడ అవతల దారిన పోయే జనం పోగవుతారని బతిమాలింది.

గూడబాతు గొంతు సవరించుకుంది. కొత్తవాడు రాగానే పెద్దావిడకి కడుపుమంట మొదలైందని పక్కకి తిరిగి అంది. పక్కకి తిరిగి అన్నా అందరికీ వినపడేలా అనడం దానికి వచ్చు.

ఎలుగుబంటి నడక ఆపింది. పదకొండేళ్లలో రెండోసారి ఆపింది.

"ఇన్నేళ్లూ నువ్వు వేసినప్పుడు లేని మేకు, ఇంకొకడు వేసేసరికి ఎక్కడినుంచి వచ్చిందమ్మా?" అంది. "నా తేనెచెట్టు వెయ్యమంటే వర్జ్యమన్నావు."

అని మళ్లీ నడిచింది. నెమలి, నీలం రంగు కూడా అలాగే అయిపోయి ఉంటుందని అంది. కోతులు నవ్వాయి. కోతులు దేనికైనా నవ్వుతాయి గానీ ఈసారి కారణం ఉండి నవ్వాయి.

దుమ్ములగొండి ఒక్కటే నమ్మింది. చాలా ఏళ్లుగా ఆ చెవి దగ్గర తుప్పు వాసనా నెత్తురు వాసనా కలిసి వస్తున్నాయని, తనకి తెలుసని అంది. మరి ఎందుకు చెప్పలేదంది కళావతి. నేను చెబితే నమ్మరని నేను చెప్పలేదు, నువ్వు చెబితే నమ్ముతారు కదా, నువ్వెందుకు చెప్పలేదని అడిగింది దుమ్ములగొండి. ఆ జూలో తెలివైన ప్రశ్న అడిగింది ఆ ఒక్క దుమ్ములగొండే. బోర్డు మీద మాత్రం 'పీనుగులు తినే జంతువు' అని ఉంటుంది.

ఆ తరవాత రెండేళ్లు గడిచాయి. గున్నకి బోర్డు వచ్చింది. దాని మీద కళాధర్ అని రాశారు. వాడు మందారం వెయ్యడం నేర్చుకున్నాడు. అయిదు రేకులు, పచ్చటి కాడ. చిన్న ఏనుగు వేస్తే ముద్దుగా ఉంటుందని జనం అటే పోగయ్యారు. పక్కపక్కనే కట్టినా వాడు కళావతితో మాట్లాడడం మానేశాడు. ఒక్కసారి మాత్రం అన్నాడట.

"చీమ కుట్టినట్టు లేదు పెద్దమ్మా."

అంతే అన్నాడు. తిట్టినా బాగుండేది.

కళావతికి తొండం వణకడం మొదలైంది. రేకులు వంకరపోయాయి. గవరయ్య ఇంకా లోతుగా గుచ్చి చూశాడు, ఇంకా వంకరపోయాయి. డాక్టరు వచ్చి చూసి, పాపం విశ్రాంతి ఇవ్వాలన్నాడు. గున్న వచ్చిన కొండల కిందే, అడవి అంచున ముసలి ఏనుగుల శిబిరం ఒకటుంది. అక్కడ పొద్దున్నే గొలుసు విప్పి వదిలేస్తారు, ఏనుగు దాని ఇష్టం వచ్చినచోట మేసి సాయంత్రానికి వస్తుంది. కళావతిని అక్కడికి పంపాలని తీర్మానించారు. అదే బండి వచ్చింది. అదే చెక్క వేశారు. మూడు పొద్దులు ఆగనక్కర్లేకపోయింది. కళావతి ఒక్కసారికే ఎక్కేసింది.

వెళ్లేముందు గున్న వైపు తొండం చాపింది. వాడు ఆ తొండాన్ని మెల్లగా తాకాడు. దాని మీద వాడి వాసన మిగిలింది.

శిబిరంలో కళావతికి ఏ లోటూ లేదు. గడ్డి ఉంది, వాగు ఉంది. పదకొండు గంటలయ్యేసరికి మాత్రం అది మేత వదిలేసి ఒక పుల్ల తీసుకునేది. చెట్టు ముందు నిలబడి ఎడం చెవి కొంచెం వెనక్కి పెట్టి ఉండేది. ఎవరూ గుచ్చేవారు కాదు. కాసేపు చూసి పుల్ల పడేసేది.

ఒకరోజు వాగు అవతలినుంచి గురగురమని నేల మీదుగా చప్పుడు వచ్చింది. ఒక ఏనుగు వాగు దాటి వచ్చింది. బక్కచిక్కి ఉంది. దాని పొట్ట కింద ఒక చిన్న పిల్ల, పాలు మరవనిది. వచ్చిన ఏనుగు పలకరించలేదు. నేరుగా కళావతి తొండం దగ్గరికి వచ్చి వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"అక్కా, నీ మీద నా కొడుకు వాసన ఉంది," అంది.

కళావతి తొండం వెనక్కి లాక్కుంది.

తల్లి తన సంగతి చెప్పుకొచ్చింది. రెండేళ్లు కాలువగట్టుకి తిరిగిందట. గుంపు వాళ్లు పోనిద్దూ అన్నారట. ఆఖరికి గుంపే తనని వదిలి వెళ్లిపోయిందట. ఈ పిల్ల వాడి చెల్లెలట. వాడు తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడు, అరటిపళ్లు పెడతారని చెప్పింది కళావతి. అది నిజమే. మన జాతివాళ్లు తోడున్నారా అని అడిగింది. నేనుండేదాన్నని చెప్పింది. అదీ నిజమే.

"ఏడుస్తున్నాడా?"

పిల్లలూ, ఇక్కడ మీరేం చెప్పేవాళ్లో ఆలోచించుకోండి. కళావతి కూడా ఆలోచించింది. నిజం చెబుదామనే నోరు తెరిచింది. ఎదురుగా ఎముకలు తేలిన తల్లి. నిజం చెబితే, ఎవరివల్ల అని అడుగుతుంది. జూలో అడిగినట్టే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ చిన్నపిల్లేమో అప్పటికే కళావతి ఎడం చెవి పట్టుకుని, తొండం కొస చిల్లులో పెట్టి ఆడుతోంది.

"ఎందుకు ఏడుస్తాడు?" అంది కళావతి. "వాడు పెద్ద కళాకారుడు. జనం చప్పట్లు కొడతారు. చెవులు కూడా కుట్టించారు."

తల్లి చిన్నపిల్ల వీపు నిమిరింది. తరవాత, అలాగా అంది. రెండేళ్లలో మొదటిసారి ఆ రోజు కడుపునిండా మేసిందట. శిబిరంలో ముసలి ఏనుగులు కళావతిని మెచ్చుకున్నాయి. చెప్పినా చెప్పకపోయినా వాడు తిరిగిరాడు, మంచిమాట చెప్పి తల్లి మనసు నిలబెట్టిందని అన్నాయి. ముసలివాళ్లు ఎప్పుడూ అలాగే అంటారు.

వానలు వెళ్లాయి. శిబిరానికి మందులు తెచ్చే జూ బండి వచ్చింది, దాంట్లో డాక్టరూ వచ్చాడు. తలుపు తీసి, చెక్క వేసి, సామాను దింపుకుంటున్నారు. వాగు అవతలినుంచి తల్లి వచ్చింది. వెంట పిల్ల ఉంది. మనుషుల్ని చూసి బెదరలేదు. పిల్లని తొండంతో చెక్క దాకా తోసింది. ఈ పిల్లకి కూడా వాళ్లన్న దగ్గర మంచి బతుకు దొరకాలని కళావతితో అంది. వెనక్కి తిరిగి వాగు దాటి వెళ్లిపోయింది.

పిల్ల ఏడవలేదు. తనంతట తానే చెక్క ఎక్కింది. వదిలేసిన పిల్ల అని డాక్టరు కాగితం మీద రాశాడు. కళావతి అక్కడే ఉంది. చూసింది. ఏమీ అనలేదు.

ఆ సోమవారం గవరయ్య రెండో మేకు కొనుక్కున్నాడు.

నీతి: తగిలిన దెబ్బని నగ అని చూపించుకుంటే, అదే నగ తమకీ కావాలని చిన్నవాళ్లు చెవి చాపుతారు.